రింగు అందాలంటే 5 కిలోమీటర్ల పరుగు ఎందుకు పనికిరాదు

తమ్ముడూ, నువ్వు చెప్పిన వివరాలన్నీ ముందు ఒకచోట పెడతాను, ఇది చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. వయసు 19, అనంతపురంలో డిగ్రీ రెండో సంవత్సరం. ఎత్తు 178 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు. వారానికి ఆరు సాయంత్రాలు సిమెంటు కోర్టు మీద బాస్కెట్‌బాల్ ప్రాక్టీసు. పొద్దున పీడీ సార్ పెట్టించే 5 కిలోమీటర్ల పరుగు. రాత్రి హాస్టల్ మేడ మీద, ఫోన్లో దొరికిన ప్రోగ్రాం చూసి 300 జంపులు. రెండు నెలలైనా జంప్ పెరగలేదు, మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది, నాలుగో క్వార్టర్ వచ్చేసరికి కాళ్లు బరువెక్కిపోతున్నాయి. మే మొదటి వారంలో టోర్నమెంటు, చేతిలో 12 వారాలున్నాయి. ఇంకా ఏమేం చేర్చాలని అడిగావు.

చేర్చేవి తర్వాత చూద్దాం, ముందు రెండు తీసెయ్యి. మేడ మీది జంపులు ఈ రాత్రి నుంచే బంద్. పొద్దుటి పరుగు ఈ వారంతో బంద్. ఒకసారి లెక్క వెయ్యి. లే-అప్‌లు (రింగు దాకా దూసుకెళ్లి ఎగిరి బంతి వెయ్యడం), జంప్ షాట్లు, రీబౌండ్లు (రింగుకు తగిలి తిరిగొచ్చే బంతిని ఎగిరి అందుకోవడం) కలిపితే ప్రాక్టీసులోనే సాయంత్రానికి 100 నుంచి 150 సార్లు ఎగిరి దిగుతావు. దానికి 300 కలిపితే వారానికి 2,500 దగ్గర పడుతుంది, అదీ సిమెంటు మీద. పైగా 300 జంపుల్లో మొదటి ఇరవై మాత్రమే గట్టివి. ఆ తర్వాతివన్నీ అలసిన కాళ్లతో తక్కువ ఎత్తు ఎగరడం. రోజూ తక్కువ ఎత్తు ఎగరడం సాధన చేస్తుంటే ఒళ్లు దానికే అలవాటు పడుతుంది. నీకు లేనిది కాళ్లలో బలం. అది ఇంతవరకు నువ్వు చేస్తున్న ఏ పనిలోనూ లేదు.

ముందు మోకాలి సంగతి తేల్చుకుందాం. కాలు చాపి కూర్చుని చిప్ప కింది కొస మీద వేలితో నొక్కు. వేలి కొన పట్టేంత చోటులోనే నొప్పి ఉందా? ఆట మొదట్లో పొడిచి, ఒళ్లు వేడెక్కాక తగ్గి, మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు మళ్లీ తెలుస్తోందా? అయితే అది చాలావరకు చిప్పను కాలి ఎముకకు పట్టి ఉంచే టెండన్ నొప్పే. జంపర్స్ నీ అనేది దీన్నే. నొప్పి ఇంకా కిందికి, ఎముక బొడిపె మీద ఉంటే, అదీ 12 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో అయితే, ఎముక పెరిగే చోట లాగుడు వల్ల వచ్చే వేరే బాధ. వాళ్లు ఈ బరువుల లెక్క పాటించకూడదు. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసి కదలకపోయినా, దిశ మార్చేటప్పుడు 'టక్' మని చప్పుడై ఆ తర్వాత కాలు జారిపోతున్నట్టు ఉన్నా ఇక్కడ చదవడం ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లు.

టెండన్ నొప్పికి అందరూ చేసే పొరపాటు మూడు వారాలు పూర్తిగా పడుకోవడం. నొప్పి పోతుంది, సంతోషంగా కోర్టుకు వస్తారు, నాలుగో రోజుకు మళ్లీ మొదటికే. పని లేని టెండన్ ఇంకా బలహీనపడుతుంది కాబట్టి అలా జరుగుతుంది. దానికి కావాల్సింది నెమ్మదైన, బరువైన పని. మొదటి రెండు వారాలు రోజూ ఇది చెయ్యి: జిమ్‌లో కూర్చుని కాళ్లతో బరువును పైకి చాపే లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ మీద మోకాలిని సగానికి కాస్త పైన నిలిపి, 45 సెకన్లు కదలకుండా పట్టుకో. 5 సార్లు, మధ్యలో 2 నిమిషాల విరామం. చివరి పది సెకన్లలో తొడ వణకాలి, బరువు అంత ఉండాలి. మెషీన్ దొరకని రోజు గట్టి తాడునో పాత బెల్టునో స్తంభానికి చుట్టి, దాన్ని రెండు మోకాళ్ల వెనక మడతలోకి వేసుకుని వెనక్కి వాలి, కుర్చీలో కూర్చున్నట్టు సగం కూర్చుని నిలబడు. ముళ్లున్న కొబ్బరి తాడు వద్దు, చర్మం గీసుకుపోతుంది. కింద తువ్వాలు మడిచి పెట్టుకో.

నొప్పికి 0 నుంచి 10 దాకా అంకె వేసుకో. వ్యాయామం చేస్తుండగా 3 దాకా ఉంటే ఫర్వాలేదు. తీర్పు చెప్పేది మర్నాటి పొద్దు. లేవగానే రోజూ ఒకే మెట్టు మీద నొప్పి ఉన్న కాలి మీద నిలబడి, రెండో కాలిని నెమ్మదిగా కిందికి దించి చూడు. నిన్నటి అంకే ఉంటే నిన్న చేసింది సరిపోయింది. 2 అంకెలు పెరిగితే ఎక్కువైంది, ఆ రోజు జంపులు తగ్గించు. ఆటకు ముందు నొప్పి మాత్ర వేసుకుని దిగే అలవాటు మాత్రం చేసుకోవద్దు. ఆ అంకె కనపడకుండా చెయ్యడం తప్ప అది చేసేదేమీ లేదు.

ఇక ఎగరడం. ఎగరడం కంటే ముందు దిగడం రావాలి. మోకాలికి ఎక్కువ దెబ్బ తగిలేది దిగేటప్పుడే. 30 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టు మీద నిలబడు. దూకకుండా ఒక పాదం ముందుకు వేసి కిందికి జారి, రెండు పాదాలూ ఒకేసారి నేలకు తాకేలా దిగు. తాకిన మరుక్షణం ఆగిపోవాలి, 2 సెకన్లు బొమ్మలా. చెవులు పెట్టి విను: 'ధబ్' మంటే కాళ్లు కర్రల్లా బిగించావు, దెబ్బంతా మోకాలికి వెళ్లింది. మునివేళ్ల వైపు ముందు తాకి, మడమ వెంటనే ఆని, పిర్రలు వెనక్కి వెళ్లి, మోకాళ్లు మడిచి దిగితే చప్పుడు దాదాపు ఉండదు. స్నేహితుడి చేతికి ఫోన్ ఇచ్చి మోకాళ్ల ఎత్తులో ఎదురుగా పట్టుకుని వీడియో తియ్యమను, దాన్ని నెమ్మదిగా నడిపి చూసుకో. మోకాలు పాదం రెండో వేలి మీదుగా ఉండాలి. లోపలికి వాలి ఒకదానికొకటి దగ్గరైతే అది తప్పు. మోకాలి కీలు మధ్యలో ఎముకలను కలిపి పట్టే లిగమెంటు తెగే ప్రమాదం ఆ భంగిమలోనే ఎక్కువ, ఆడపిల్లల్లో ఇంకా ఎక్కువ. మీ కాలేజీ అమ్మాయిల జట్టుకు కూడా ఈ ఒక్క ముక్క తప్పకుండా చెప్పు.

మొదటి మూడు వారాలు ఇదే, 3 సెట్లు, సెట్టుకు 5. నాలుగో వారం నుంచి నిలబడిన చోటే రెండు కాళ్లతో పూర్తి శక్తితో ఎగరడం: 4 సెట్లు, సెట్టుకు 4, ప్రతి జంపుకీ గోడ మీద నువ్వు అందిన ఎత్తులో పెట్టుకున్న గీత వైపు చెయ్యి చాపి, సెట్టుకూ సెట్టుకూ మధ్య నిమిషంన్నర. దాంతో రెండడుగులు వేసి ఎగరడం, 4 సెట్లు 3 చొప్పున. నొప్పి అంకె 2 దాటకుండా ఉంటేనే ఎనిమిదో వారం నుంచి 30 సెంటీమీటర్ల మెట్టు దిగి, నేల తాకగానే కాలు కాలినట్టు తిరిగి ఎగరడం, 3 సెట్లు 4 చొప్పున. ఏ రోజూ మొత్తం 40 దాటొద్దు, వారానికి రెండే రోజులు. అలిసిపోయాక వద్దు, ప్రాక్టీసు అయ్యాక అసలే వద్దు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు లాంటి మట్టి నేల మీద చేస్తే మంచిది. వీడియోల్లో కనిపించే నడుమెత్తు పెట్టెల మీదికి ఎగరడం గురించి కూడా అడిగావు. అక్కడ కనపడేది మోకాళ్లు ఎంత పైకి ముడవగలవన్నదే. తప్పితే మోకాలి కింద ముందువైపు ఎముక మీద తోలు లేచిపోతుంది. నాకు దాంతో పని కనపడదు.

నీ రింగు లెక్క కూడా చూద్దాం. నిలబడి చెయ్యి చాపితే 232 అన్నావు, ఎగిరితే 286. అంటే జంప్ 54 సెంటీమీటర్లు. రింగు 305 దగ్గరుంది. తాకడానికి ఇంకా 19 కావాలి. 12 వారాల్లో అది రాదు. నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్లు వస్తే మంచి పని జరిగినట్టు. ఆ అయిదారు సెంటీమీటర్లే రీబౌండులో ఎదుటివాడి వేళ్ల మీదుగా బంతి నీకు దొరకడానికి చాలు. "నెలలో పది అంగుళాలు" అని అమ్మేవాడికి నీ మోకాలితో పని లేదు.

బలం విషయానికి వస్తే, వారానికి రెండు రోజులు, ఒక్కో రోజు 50 నిమిషాలు. జిమ్‌కు వెళ్లగానే మొదటి పని: రాడ్డును బరువు తూచే యంత్రం మీద నిలబెట్టి తూచు. 20 కిలోలని అందరూ అనుకుంటారు, మన ఊళ్లలో చాలా రాడ్లు 8 నుంచి 15 మధ్య ఉంటాయి. అది తెలియకపోతే ఒక జిమ్‌లో ఎత్తింది ఇంకో జిమ్‌లో ఎందుకు లేవడం లేదో అర్థం కాదు.

మొదటి రోజు స్క్వాట్‌తో, అంటే గుంజీలా కూర్చుని లేవడంతో మొదలు. మొదటి రెండు వారాలు రాడ్డు వద్దు. 14 లేదా 16 కిలోల డంబెల్‌ను నిలువుగా ఛాతీకి ఆనించి పట్టుకుని, 3 సెకన్లలో దిగి 3 సెకన్లలో లేవడం, 3 సెట్లు, సెట్టుకు 10. మూడో వారం నుంచి రాడ్డు వీపు మీద, అన్నీ కలిపి 35 కిలోలు, 3 సెట్లు 8 చొప్పున. వారానికి 5 కిలోలు పెంచు. కష్టమైన చోటి నుంచి 2.5. ఎనిమిదో వారం నుంచి 4 సెట్లు 5 చొప్పున. టోర్నమెంటుకు ముందు నీ ఒంటి బరువంత, అంటే 64 కిలోలు, తొడలు నేలకు సమానంగా వచ్చేదాకా దిగి 5 సార్లు లేవగలిగితే ఈ 12 వారాలకు సరిపోయినట్టు. ఒంటి బరువుకు ఒకటిన్నర రెట్లు అనేది వచ్చే ఏడాది మాట. ప్రతి సెట్టూ ఇంకో రెండు చెయ్యగలను అనిపించినప్పుడే ఆపు. చివరిది మెలికలు తిరిగి లేపితే మర్నాటి ఆట పోతుంది.

స్క్వాట్‌లో చెడేవి మూడు. మడమలు లేవడం ఒకటి. చీలమండ బిగుసుకుపోయిన వాళ్లకు వస్తుంది, ప్రస్తుతానికి మడమల కింద 2.5 కిలోల ప్లేట్లు పెట్టుకో, చీలమండ పని వేరేగా చెయ్యి. పైకి లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలడం రెండోది. బరువు 10 కిలోలు తగ్గించి, మోకాళ్లపైన ఎలాస్టిక్ బ్యాండ్ వేసుకుని బయటికి తోస్తూ రెండు వారాలు చెయ్యి. మూడోది అహంకారం. వంద కిలోలు వేసి జానెడు దిగి లేచే స్క్వాట్‌ను జిమ్‌లో రోజూ చూస్తావు, దాన్ని చూసి నీ రాడ్డు మీద ప్లేట్లు ఎక్కించకు. పట్టాల మధ్య కదిలే స్మిత్ మెషీన్ ఒక్కటే ఉంటే దానికన్నా డంబెల్ స్క్వాట్, లెగ్ ప్రెస్ కలిపి చెయ్యడం మేలు.

ఆ రోజే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, 3 సెట్లు 8 చొప్పున: మోకాళ్లు కొద్దిగా మడిచి ఉంచి, పిర్రలను వెనక గోడకు తాకించబోతున్నట్టు వెనక్కి తోస్తూ రాడ్డును తొడల వెంట మోకాలి కిందిదాకా జార్చు. తొడ వెనక లాగాలి. నడుము నొప్పి పెడితే వీపు గుండ్రమైందని అర్థం. 25 కిలోలతో మొదలుపెట్టు. తర్వాత పిక్కల కోసం ఒంటి కాలి మీద మడమ లేపడం, పుల్-అప్‌లు ఎన్ని వస్తే అన్ని మూడు సెట్లు, పక్కకు వాలి మోచేతి మీద ఒళ్లు కర్రలా నిలిపి ఉంచే ప్లాంక్ 30 సెకన్లు, రెండు వైపులా.

రెండో రోజు వెనక కాలు బెంచీ మీద పెట్టి ముందు కాలితో కూర్చుని లేచే స్ప్లిట్ స్క్వాట్, ఒక్కో కాలికి 3 సెట్లు 6 చొప్పున, చేతిలో డంబెల్స్. బాస్కెట్‌బాల్‌లో లే-అప్ ఒంటి కాలి మీదే కాబట్టి ఇది తప్పించుకోవద్దు. కుడి ఎడమల మధ్య తేడా తెలిసేదీ ఇక్కడే. బలహీనమైన కాలితో మొదలుపెట్టు, అది ఎన్ని చేస్తే రెండోది అన్నే. తర్వాత నార్డిక్: మెత్తటి చాప మీద మోకాళ్ల మీద నిలబడితే స్నేహితుడు చీలమండలు నొక్కి పట్టుకుంటాడు. నువ్వు మోకాళ్ల నుంచి తలదాకా గీత గీసినట్టు నిటారుగా ఉండి ముందుకు నెమ్మదిగా పడాలి, ఆపలేని చోట చేతులు ఆన్చాలి. మొదటి వారం 2 సెట్లు 3 చొప్పున చాలు. ఉత్సాహపడి 10 చేస్తే మూడు రోజులు మరుగుదొడ్లో కూర్చోవడం కూడా కష్టమే. నెలకు 2 సెట్లు 6 దాకా వస్తావు. పుష్-అప్‌లు, డంబెల్ రోయింగ్, గజ్జల కోసం పై కాలిని బెంచీ మీద పెట్టి చేసే పక్క ప్లాంక్ 20 సెకన్లు. పై ఒంటికి ఇంతే. భుజాలు, చేతులు ఎంత ఊరినా జంప్ పెరగదు, రింగు కింద నిన్ను తోసేవాణ్ని ఆపడానికి ఇది సరిపోతుంది.

జిమ్‌కు డబ్బు లేని తమ్ముళ్లకు: ఖాళీ యూరియా సంచి తీసుకోండి. 15 లీటర్ల బకెట్ నిండా పొడి ఇసుక దాదాపు 22 నుంచి 25 కిలోలు ఉంటుంది. ఇసుకను ముందు రెండు పాలిథిన్ కవర్లలో వేసి మూతి కట్టి, వాటిని సంచిలో పెట్టి నైలాన్ తాడుతో బిగించండి. కవర్లు లేకపోతే అల్లిక సందుల్లోంచి దుమ్ము కారి కళ్లలో పడుతుంది. దాన్ని ఛాతీకి హత్తుకుని స్క్వాట్లు, స్ప్లిట్ స్క్వాట్లు, వంగి లేవడాలు అన్నీ చెయ్యొచ్చు. తడి ఇసుక నింపితే ఎండాక బరువు మారిపోతుంది, లెక్క తప్పుతుంది.

చీలమండను ఎవరూ పట్టించుకోరు, ఈ ఆటలో ఎక్కువగా దెబ్బతినేది మాత్రం అదే. రీబౌండుకు ఎగిరి పక్కవాడి పాదం మీద దిగితే బెణుకు ఖాయం. గోడకు ఎదురుగా పాదం పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించు. బొటనవేలు గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నా తాకగలిగితే బాగుంది. 7, 8 దగ్గరే మడమ లేస్తుంటే బిగుతు ఉంది, అదే కదలికను రోజూ 2 నిమిషాలు ఒక్కో వైపు చెయ్యి. పిక్కలకు మెట్టు అంచున ఒంటి కాలి మీద, మోకాలు నిటారుగా ఒక రోజు, కొద్దిగా మడిచి ఇంకో రోజు, 3 సెట్లు 12. ఆగకుండా 25 సార్లు మడమ లేపగలిగే దాకా చేతిలో బరువు అక్కర్లేదు. పళ్లు తోముకునేటప్పుడు ఒంటి కాలి మీద కళ్లు మూసుకుని నిలబడు. దీనికి వేరే సమయం కూడా పట్టదు.

ఇప్పుడు పరుగు. కోర్టు 28 మీటర్ల పొడవు, 15 వెడల్పు. ఆట 10 నిమిషాల చొప్పున నాలుగు ముక్కలు, ప్రతి దాడికీ 24 సెకన్లు. మొత్తం కలిపితే ఒక ఆటగాడు 5 కిలోమీటర్ల దగ్గర తిరుగుతాడు. పీడీ సార్ల లెక్క అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. కానీ ఆ 5 కిలోమీటర్లు రెండు మూడు సెకన్ల ముక్కలు: పరుగు, ఆగడం, పక్కకు జరగడం, ఎగరడం, మళ్లీ పరుగు. నాలుగో క్వార్టర్‌లో కాళ్లు చచ్చేది వేగంగా పరిగెత్తి ఆగి 15 సెకన్లలో తేరుకోలేకపోవడం వల్ల. ఒకే వేగంతో అరగంట పరిగెత్తే అలవాటు అక్కడ ఆదుకోదు. పైగా రోడ్డు మీద 5 కిలోమీటర్లంటే 5 వేలకు పైగా అడుగులు, అవన్నీ ఆ మోకాలి ఖాతాలోకే.

మొదటి నాలుగు వారాలు మట్టి గ్రౌండులో 60 మీటర్ల దూరంలో రెండు ఇటుకలు పెట్టు. 15 సెకన్లలో ఆ దూరం పరుగు, 15 సెకన్లు నడక, మళ్లీ వెనక్కి పరుగు. ఇలా 6 నిమిషాలు, 3 నిమిషాలు విశ్రాంతి, ఇంకో 6 నిమిషాలు. అయిదో నిమిషంలో రెండు మాటలు మాత్రమే మాట్లాడగలిగేంత ఆయాసం రావాలి. రాకపోతే ఇటుకను 5 మీటర్లు జరుపు. మలుపులు తక్కువ కాబట్టి మోకాలికి తేలిక. అయిదు నుంచి ఎనిమిది వారాల్లో కోర్టు మీద అడ్డంగా, ఒక సైడ్ లైన్ నుంచి ఇంకో సైడ్ లైన్‌కు 17 సార్లు. 255 మీటర్లు అవుతుంది. 65 నుంచి 70 సెకన్లలో ముగించి 2 నిమిషాల విశ్రాంతి, 3 సార్లతో మొదలుపెట్టి 5 దాకా. తొమ్మిది నుంచి పదకొండు వారాలు అసలైన పని: బేస్‌లైన్ నుంచి బేస్‌లైన్‌కు 28 మీటర్లు పూర్తి వేగంతో, ప్రతి 20 సెకన్లకు ఒకటి, 6 సార్లు. 3 నిమిషాలు నడిచి మళ్లీ. మొత్తం 3 సెట్లు. ఎవరో ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకోవాలి. మొదటిది 4.6 సెకన్లలో వచ్చి, ఏదో ఒకటి 5.1 దాటిందంటే ఆ సెట్టు అక్కడితో ఆపు. ఆ తర్వాత పరిగెత్తేదంతా నెమ్మదిగా పరిగెత్తడం సాధన చేసినట్టే.

పీడీ సార్‌తో వాదం పెట్టుకోవద్దు. "సార్, మోకాలి నొప్పి ఉంది, రోడ్డు పరుగు బదులు గ్రౌండులో 15 సెకన్ల పరుగులు చేస్తాను, జట్టంతా చేసినా 20 నిమిషాల్లో అయిపోతుంది, మీరే విజిల్ వెయ్యండి" అని అడుగు. విజిల్ చేతికిస్తే ఒప్పుకోని పీడీ సార్ అరుదు.

వారం ఇలా సర్దుకో. సోమవారం, గురువారం పొద్దున 6 గంటలకు మొదట జంపులు, వెంటనే బరువులు. సాయంత్రం మామూలు ప్రాక్టీసు. బుధవారం, శనివారం ప్రాక్టీసు చివర పరుగులు. మంగళ, శుక్రవారాలు ప్రాక్టీసు ఒక్కటే, ఆదివారం పూర్తి సెలవు. కష్టమైనవన్నీ ఒకే రోజులో పెడితేనే తేలిక రోజు నిజంగా తేలిక అవుతుంది. అన్నీ అన్ని రోజులకూ పంచితే ఏ రోజూ తేరుకోవు. నాలుగో వారం, ఎనిమిదో వారం సెట్లు సగం చెయ్యి, బరువు అదే ఉంచు. ఆఖరి వారం కూడా అంతే. టోర్నమెంటుకు 4 రోజుల ముందు చివరి స్క్వాట్, 2 సెట్లు 3 చొప్పున. నార్డిక్ వారం ముందే ఆపెయ్యి.

ఎండ గురించి మన జిల్లా వాళ్లకు చెప్పాలా అనిపిస్తుంది, కానీ ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటాక కూడా నాలుగున్నరకు సిమెంటు మీద జట్లను పరిగెత్తించడం ఏటా జరుగుతూనే ఉంటుంది. నేల పీల్చుకున్న వేడి ఆరుకు గానీ దిగదు. మార్చి నుంచి ప్రాక్టీసు ఆరున్నరకు జరపమని అడగండి. టోర్నమెంటు మధ్యాహ్నం పెడితే మాత్రం ముందు పది రోజులు కొద్దికొద్దిగా ఎండలో ఆడి అలవాటు పడాలి, రాత్రికి రాత్రి అలవాటు రాదు. ప్రాక్టీసుకు ముందూ తర్వాతా చొక్కా లేకుండా తూచుకో. తగ్గిన ప్రతి కిలోకూ ఆ సాయంత్రం లీటరున్నర దాకా తాగాలి, నీళ్లొక్కటే కాకుండా ఉప్పు వేసిన మజ్జిగ కూడా. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒక లీటరుకు. సగం నీళ్లలో చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. ఎవరైనా తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. నీడకు లాగి, ఒళ్లంతా నీళ్లు గుమ్మరించి విసరండి. 108కి ఒకరు ఫోన్ చేస్తుండగానే నీళ్లు పోస్తూ ఉండాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పొయ్యొద్దు.

తిండి: నీ బరువుకు రోజుకు 100 గ్రాముల ప్రొటీన్ దగ్గర పడాలి. నాలుగు గుడ్లు 24, అర లీటరు పాలు 16, గుప్పెడున్నర శనక్కాయలు అంటే 50 గ్రాములు 12, రెండు గిన్నెల గట్టి పప్పు 16, గిన్నెడు పెరుగు 6, రోజంతా తినే సంగటి, అన్నం, రొట్టెల్లో ఇంకో 20 పైన. డబ్బా పొడి లేకుండానే 95 దగ్గరికి వచ్చింది. చికెన్ తిన్న రోజు ఇంకా ఎక్కువ. హాస్టల్ పప్పు నీళ్లలా ఉంటే గిన్నెకు 8 గ్రాములు రావు, ఆ లోటు గుడ్లతో పూడ్చు. సంగటి మంచిదే, మ్యాచ్‌కు గంట ముందు మాత్రం వద్దు, కడుపులో బరువుగా కూర్చుంటుంది. మూడు గంటల ముందు అన్నం, పప్పు. గంట ముందు రెండు అరటిపళ్లు. ఉగ్గాని తినొచ్చు, పక్కన బజ్జీ ఆ రోజుకు వదిలెయ్యి.

కోర్టు దుమ్ము చిన్న విషయంగా కనపడుతుంది. సిమెంటు మీద సన్నటి మట్టి పొర ఉంటే ఆగబోయిన పాదం అర అడుగు జారుతుంది, గజ్జలు పట్టేసేది, మోకాలు మెలిపడేది అక్కడే. చీపురుతో ఊడ్చాక తడి గోనెపట్టా ఒకసారి లాగండి, ఆరాక ఆడండి. బూటు అడుగున బొటనవేలి కింది గీతలు అరిగి నున్నబడితే పైన ఎంత కొత్తగా ఉన్నా మార్చాల్సిందే.

కర్నూలులో మ్యాచ్‌లు పడితే దాదాపు 150 కిలోమీటర్లు, మూడు గంటల బస్సు. దిగగానే కోర్టులోకి పరిగెత్తితే కాళ్లు మొద్దుబారి ఉంటాయి. వీలైతే ముందు రాత్రే చేరండి. కుదరకపోతే దిగాక కనీసం 15 నిమిషాల వార్మప్: 3 నిమిషాలు తేలిక పరుగు, చీలమండ, తుంటి కదలికలు, మెట్టు దిగే లాండింగులు ఐదు, వేగం పెంచుతూ 28 మీటర్ల పరుగులు నాలుగు, చివర పూర్తి శక్తితో 3 జంపులు. నిలబడి కాలు పట్టుకుని నిమిషాల తరబడి సాగదీయడం మ్యాచ్ తర్వాత.

చివర్లో రెండు చిన్న ప్రశ్నలు అడిగావు. కాళ్లకు ఇసుక పట్టీలు కట్టుకుని రోజంతా తిరగడం వల్ల జంప్ పెరగదు. కిలో బరువు తొడ కండరానికి చాలదు, మోకాలిని కిందికి లాగడానికి మాత్రం చాలు, తీసెయ్యి. కండరాల బలానికి వాడే క్రియాటిన్ పొడి రోజుకు 3 నుంచి 5 గ్రాములు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు పనిచేసేదే, నిషేధిత జాబితాలోనూ లేదు. అయితే జిమ్‌లో పొట్లం కట్టి ఇచ్చేది కొనొద్దు, అందులో ఏం కలిసిందో ఎవరూ చెప్పలేరు, డోప్ పరీక్షలో దొరికితే "నాకు తెలియదు" అన్న మాట చెల్లదు. కిడ్నీ సమస్య ఉన్నా, 18 నిండకపోయినా అసలే వద్దు. మొదటి నాలుగు వారాలు అది లేకుండానే చెయ్యి. గోడ మీద గీత, పొద్దుటి మెట్టు మీది నొప్పి అంకె, స్క్వాట్ బరువు, ఈ మూడూ ఆదివారం ఆదివారం నోటుపుస్తకంలో రాసి, నాలుగో వారం అయ్యాక ఆ అంకెలు పంపు. జంపుల సంఖ్య పెంచాలో, మోకాలికి ఇంకో రెండు వారాలు ఇవ్వాలో వాటిని చూసే చెప్తాను.